బూట్లు విప్పి వచ్చిన హంతకుడు

మా మరిది నెస్టర్ హ్లాడీ ఒకే చలికాలంలో పదకొండు మందిని చంపాడు. అందులో ఒకావిడను మా వంటింట్లోనే, మా పొయ్యి పక్కనే చంపాడు. చంపాక చేతులు కడుక్కుని, "వదినా, కాఫీ ఏమన్నా మిగిలిందా?" అని అడిగాడు.

కెనడాలోని మా జోరియాలో ఈ మాట ఎవరితో అన్నా ఉలిక్కిపడరు. "అవునవును, ఆ రోజు భలే చలి," అంటారు. సినిమా సంగతి ఊరందరికీ తెలుసు. తెలియంది బయటి ప్రపంచానికే. ఆ హంతకుడు ఇంకెవడో అని బయటివాళ్లు దాదాపు నలభై ఏళ్లుగా నమ్ముతూ వచ్చారు. నా ఒళ్లు మండేది అక్కడే.

నెస్టర్ మా చెల్లెలు స్లావ్కా భర్త. ఎనిమిది మంది పిల్లల్లో ఏడోవాడు. భోజనాల బల్ల దగ్గర గిన్నె తన దాకా వచ్చేవరకు నోరెత్తకుండా కూర్చోవడం చిన్నప్పుడే అలవాటైపోయింది. ఆ అలవాటు మరి పోలేదు. సొంత పెళ్లిలో అతిథులంతా తిన్నాక తిందామని వరసలో చివర నిలబడ్డాడు. తీరా వంతు వచ్చేసరికి క్యాబేజీ ఆకుల్లో అన్నం చుట్టి వండే హొలుబ్చి గిన్నెలో నాలుగు ఉత్త ఆకులు తప్ప ఏమీ లేవు. "నాకు ఆకులే ఇష్టం," అన్నాడు. పెళ్లికూతురు ఆ రాత్రంతా నవ్వుతూనే ఉంది. అలా నవ్వే మనిషి కాబట్టే మా స్లావ్కా వీడితో నెగ్గుకొచ్చింది. నేనైతే వారానికే పుట్టింటికి వచ్చేసేదాన్ని.

ఒక్క నెస్టర్‌ను అని లాభం లేదు, మా ఊరే అంత. ఇక్కడ తన గురించి తాను చెప్పుకోవడమంటే నలుగురిలో చొక్కా విప్పడం లాంటిది. ఎవరి పెరోగీలైనా, అంటే ఆలుగడ్డ కూరిన కుడుములు, అమృతంలా ఉన్నాయనుకోండి, చేసినావిడే ముందుగా "ఈసారి పిండి గట్టిపడింది," అని మొహం ముడుచుకుంటుంది. అప్పుడు పక్కావిడ "అబ్బే, నీ చేతిలో ఏముందో గానీ!" అనాలి. ఆ పక్కావిడ లేకపోతే ఇక అంతే సంగతులు. మంచిదో చెడ్డదో, మా పద్ధతి అది. నేను మాత్రం చిన్నప్పటి నుంచీ ఆ పక్కావిడనే. ఊరందరి తరఫునా నోరు చేసుకోవడం నా వంతు.

నెస్టర్ ఉద్యోగం ఐసు చేయడం. మా ఊరి కర్లింగ్ రింకులో, మంచు మీద రాళ్లు జార్చి ఆడే ఆ ఆటకి, అద్దంలాంటి ఐసు పరవాలి. దాని మీద సన్నగా నీటి చుక్కలు చల్లాలి. రోజూ గీకాలి, మళ్లీ చల్లాలి. రాష్ట్రస్థాయి పోటీలు మా ఊళ్లో జరిగినప్పుడు ఆటగాళ్లంతా ఇంత మంచి ఐసు ఎక్కడా చూడలేదన్నారు. టీవీ వాళ్లు మైకు పట్టుకుని వచ్చి, "ఈ ఐసు మీరే చేశారా?" అని అడిగారు. "చలి చేసిందండీ," అన్నాడు మా ఘనుడు. ఆ ముక్క టీవీలో వస్తుంటే నేను తల పట్టుకున్నాను.

ఇక సినిమా. "మంచురంపం" మొదటి భాగం ఎక్కడో అమెరికాలో తీశారు. పూర్వం చెరువుల మీద ఐసు దిమ్మలు కోసేవాడొకడు మునిగి చచ్చి, ప్రతి చలికాలం పొడవాటి రంపంతో పైకొచ్చి జనాన్ని కోసేస్తుంటాడు. మొహానికి మైనంతో చేసిన ముసుగు. ఆ రంపం మనిషి వేషం కట్టినవాడి పేరు లైల్ డ్రమన్. సినిమా విరగబడి ఆడింది. వెంటనే రెండో భాగం తీద్దామన్నారు. చౌకగా తీయాలి కాబట్టి, మంచు ఊరికే దొరికే మా జోరియా చెరువు దగ్గరికి వచ్చారు. చెరువు గట్టున ఉన్న ఇల్లు మాదే. అలా మా ఇల్లు సినిమాలోకి వెళ్లింది.

తీరా అందరూ వచ్చాక లైల్ రాలేదు. నిర్మాతతో గొడవపడి ఇంట్లో కూర్చున్నాడట. అప్పటికే అతని పేరుతో పోస్టర్లు అచ్చయ్యాయి, పేర్లు పడే రీలు కూడా తయారైపోయింది. అతని కొలతకు కుట్టిన కోటు మాత్రం చేతిలో ఉంది. "ముసుగేగా, లోపల ఎవడుంటే ఏంటి!" అని దర్శకుడు చర్చి హాల్లో మా మగాళ్లందరినీ నిలబెట్టి కోటు తొడిగించి చూశాడు. కొందరికి చేతులు కనబడలేదు, కొందరికి పొట్ట దగ్గర ఆగిపోయింది. నెస్టర్‌కి కొలిచి కుట్టినట్టు సరిపోయింది. "ఎవరికీ చెప్పొద్దు, ఫొటోలు తీయొద్దు. జనం దృష్టిలో ఈ కోటులో లైల్ ఉన్నాడు," అని ఒట్టు పెట్టించుకున్నారు. చెప్పొద్దని నెస్టర్‌తో ఒట్టు వేయించుకోవడం చేపకు ఈత నేర్పడమే.

మా వంటింటి దృశ్యం రోజు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ముందు రోజే నేల మొత్తానికి మైనం పెట్టి మెరిపించాను. పొద్దున్నే గుమ్మంలో నిలబడి, కెమెరా అతని దగ్గర్నుంచి దర్శకుడి దాకా ప్రతివాడి చేతా బూట్లు విప్పించాను. దర్శకుడు మేజోళ్లతో జారుకుంటూ "యాక్షన్" అని అరిచాడు. పొయ్యి దగ్గర నటి వెనక్కి తిరిగి కెవ్వుమంది. ధడేల్! మా తలుపు ముక్కలైంది. ఆ ఒక్క తలుపే ఉంది. పగిలితే పగిలినట్టే, మళ్లీ తీయడానికి లేదని ముందే చెప్పారు.

మంచు పొగలోంచి రంపం మనిషి లోపలికి అడుగుపెట్టాడు. ముసుగులో ఎవరో తెలిసి కూడా నేను రెండడుగులు వెనక్కి వేశాను. అంత బాగా చేస్తున్నాడు మా నెస్టర్. నటి అరుస్తోంది. వాడు రంపం ఎత్తాడు. ఎత్తినవాడు దాన్ని మెల్లగా గోడకు ఆనించాడు. వంగాడు. బూటు లేసులు విప్పడం మొదలెట్టాడు.

చేతులకు మందపాటి తొడుగులాయె, ముడి పడిపోయిందాయె, చాలాసేపు పట్టింది. నటి అరిచి అరిచి ఊపిరి అయిపోతే, ఊపిరి పీల్చుకుని మళ్లీ అరిచింది. వాడు రెండు బూట్లూ విప్పి, గుమ్మం లోపలి పట్టా మీద జతగా పెట్టి, మొనలు గుమ్మం వైపు తిప్పాడు. కోటు మీది మంచు బయటికి దులిపాడు. అప్పుడు రంపం తీసుకుని, ఊదారంగు ఉన్ని మేజోళ్లతో చప్పుడు లేకుండా నడుచుకుంటూ వెళ్లి ఆవిడను కోసేశాడు.

దర్శకుడు కుర్చీలో కూలబడిపోయాడు. "ఎందుకు విప్పావయ్యా?" అన్నాడు ఏడుపు గొంతుతో.

నెస్టర్ ముసుగు తీసి, అయోమయంగా చుట్టూ చూశాడు. "ఇల్లు కదండీ," అన్నాడు.

అదీ సంగతి. తలుపు ముక్కలైపోయింది, మర్నాడు జనమంతా వెళ్లిపోవాలి. ఆ దృశ్యం అలాగే సినిమాలో ఉండిపోయింది. సినిమా మొత్తం తనవల్లే తగలడిందని నెస్టర్ నెల్లాళ్లు సరిగా తిండి తినలేదు. సినిమా హాళ్లలో అది వారం కూడా ఆడలేదు. పత్రికలవాళ్లు దుమ్మెత్తి పోశారు. మా చర్చి హాల్లో ఊరందరికీ ఒక ఆట వేశారు. చివర పేర్లు పడ్డాయి. రంపం మనిషి: లైల్ డ్రమన్. నెస్టర్ అందరితోపాటు చప్పట్లు కొట్టాడు. "ఏం పోయింది, పేరుదేముంది," అని నవ్వాడు. వాడి చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి. ఆ చెవులు నేనూ చూశాను, స్లావ్కా కూడా చూసింది.

తరవాతే తమాషా జరిగింది. ఆ సినిమా వీడియో క్యాసెట్లుగా వచ్చింది. కుర్రకారు అద్దెకు తెచ్చుకుని, ఆ బూట్ల దగ్గరికి వచ్చేసరికి నేలమీద దొర్లి నవ్వడం మొదలెట్టారు. వెనక్కి తిప్పి తిప్పి చూసేవాళ్లట, టేపులు ఆ చోటే అరిగిపోయేవట. మొదటి భాగాన్ని జనం మర్చిపోయారు గానీ దీన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఇప్పుడు పెద్ద పెద్ద నగరాల్లో జనవరిలో హాళ్లు అద్దెకు తీసుకుని ఈ సినిమా వేస్తారు. ఆ దృశ్యం రాగానే హాలు మొత్తం ఒక్కసారిగా బూట్లు విప్పుతుంది. ఆ కంపుకు ఎలా బతికి బయటపడతారో నాకు తెలియదు. విశ్వవిద్యాలయాల్లో దీని మీద వ్యాసాలు కూడా రాశారు.

ఇంతకీ ఆ పేరంతా ఎవరికి? లైల్ డ్రమన్‌కి! అభిమానుల సంతల్లో బల్ల వేసుకుని కూర్చుని, మా నెస్టర్ బూట్ల ఫొటో మీద సంతకాలు పెడుతూ వచ్చాడు. మా ఇంటి గడప తొక్కని మనిషి!

నెస్టర్ ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. పోయిన ఏడాది వసంతంలో పదవీ విరమణ చేశాడు. ఆఖరి రోజు రింకులో ఐసు కట్టించే యంత్రం ఆపేస్తుంటే, నేను తినడానికి ఏదో పట్టుకెళ్లాను. ఐసు అంచుల దగ్గర చెమ్మగిల్లడం మొదలైంది. వాడు బెంచీ మీద కూర్చుని దాన్నే చూస్తున్నాడు.

"వదినా, నేను ఇన్నేళ్లు పనిచేశానా," అన్నాడు. "చేసిందంతా ఏటా ఏప్రిల్లో కాలవలోకి పోయింది. ఇదిగో ఇది నా పని అని చూపించడానికి ఒక్క ముక్క లేదు."

తెచ్చిన గిన్నె మూత తీసి వాడి పక్కన పెట్టాను.

"ఆ సినిమా ఒక్కటే మిగిలింది," అన్నాడు. "దాని మీద నా పేరుంటే బాగుండేది. అంతే. ఎవరితోనూ అనకు."

ఎవరితోనూ అనకూడదట! ఇంటికి వస్తూ దారిలోనే నిశ్చయించుకున్నాను, ఈ జన్మలో ఇక నేను చేయాల్సిన పని ఇదొక్కటేనని.

చలికాలం రాగానే టొరొంటో నుంచి టామ్సిన్ అనే అమ్మాయి ఫోన్ చేసింది. "మంచురంపం రెండు"ను కడిగి, తుడిచి, బొమ్మ తళతళలాడేలా చేసి, ఇంట్లో చూసుకునే డిస్కుగా తెస్తున్నారట. డిస్కులో సినిమాతోపాటు, అప్పటి మనుషులతో ముచ్చట్లు కూడా పెడతారట. లైల్ గారిని మా ఇంటికే తెచ్చి, ఆ వంటింట్లోనే కూర్చోబెట్టి మాట్లాడించాలని ఉంది, ఒప్పుకుంటారా అని అడిగింది.

"లైల్ ఎందుకమ్మా? ఆ వేషం కట్టింది మా మరిది. పిలవమంటావా?" అన్నాను.

అవతల నిట్టూర్పు వినబడింది. "మేడమ్, ఏమనుకోకండి. ఆ ముసుగులో ఉంది నేనేనని ఇప్పటిదాకా నలుగురు ఫోన్ చేశారు. అందులో ఒకాయన అప్పటికి పుట్టనే లేదు. మీ దగ్గర ఫొటో గానీ, కాగితం గానీ ఏమైనా ఉందా?"

లేదు. ఉంటే ఈపాటికి ఊరంతా అంటించేదాన్ని. "ఉండు, ఆయన్నే అడుగు," అని ఫోన్ నెస్టర్ చేతిలో పెట్టాను. పక్కనే కూర్చుని బఠానీలు ఒలుస్తున్నాడు.

"సార్, ఆ ముసుగులో ఉంది మీరేనా?" అని ఆ పిల్ల అడగడం నాకు కూడా వినబడింది.

నెస్టర్ చెవులు ఎర్రబడ్డాయి. "నేనా? అంటే... అక్కడ చాలామందిమి ఉన్నామండీ. అందరం తలా ఓ చెయ్యి వేశాం."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోన్ పెట్టేశాక బఠానీ తొక్కలు తీసి వాడి నెత్తిన పోశాను. "తలా ఓ చెయ్యా? ముసుగులో ఎంతమంది పడతారురా నాయనా?"

"మరి నేనే అని నా నోటితో ఎలా అంటాను వదినా?"

స్లావ్కా నవ్వు ఆపుకోలేక బల్ల మీద వాలిపోయింది. "అక్కా, పెళ్లికి ఒప్పుకున్నావా అని ఫాదర్ అడిగితే, 'ఆవిడకి అభ్యంతరం లేకపోతే' అన్నాడు ఈ మహానుభావుడు. ఆ పిల్ల అడిగితే చెబుతాడా?" అంది. నవ్వుతూనే వాడి జుట్టులోంచి తొక్కలు ఏరింది. తరవాత నన్ను పక్కకు లాగి, "ఏదో ఒకటి చెయ్యవే. నిద్రలో కూడా నిట్టూరుస్తున్నాడు," అంది. కళ్లలో నవ్వు లేదు.

ఫిబ్రవరిలో వచ్చారు. బయట ఉమ్మి వేస్తే నేల మీద పడేలోపు గడ్డ కట్టే చలి. టామ్సిన్, కెమెరా పట్టుకునే అతను ముందు వచ్చి, గుమ్మంలో బూట్లు విప్పి, పట్టా మీద పెట్టుకున్నారు. పర్వాలేదు, పెంపకం ఉంది అనుకున్నాను. వాళ్ల వెనక లైల్ డ్రమన్ దిగాడు. ఎనభై దాటిన మనిషి. అరిజోనా ఎడారిలో కాపురమట, మనిషి ఎండిన ఖర్జూరంలా ఉన్నాడు. నవ్వు మొహం. గుమ్మం దాటాడు, పట్టా దాటాడు, మంచు అంటిన బూట్లతో నా నేల మీద టకటకా నడిచి వంటింటి మధ్యలో నిలబడి, "ఆహా! ఎన్ని జ్ఞాపకాలు!" అన్నాడు.

కెమెరా అతను తన మేజోళ్ల వైపు చూసుకున్నాడు.

నేను నోరు తెరిచేలోపే నెస్టర్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "వదినా, పెద్దాయన. అంత దూరం నుంచి వచ్చాడు. నేను తుడుస్తాలే," అని గుడ్డ తెచ్చాడు.

లైల్‌ను కుర్చీలో కూర్చోబెట్టారు. లైట్లు వెలిగాయి. ఆయన గొంతు సవరించుకుని మొదలెట్టాడు. "ఆ బూట్ల ఆలోచన నాదే. మూడు రాత్రులు నిద్ర లేకుండా ఆలోచించాను. రంపం మనిషి క్రూరమృగం. మృగం చప్పుడు చేయదు. ఆ బూట్లు విప్పడంలో వాడు తన మనిషితనాన్నే విప్పి పక్కన పెడుతున్నాడు..."

ఆయన బూట్ల కింద మంచు కరిగి చిన్న మడుగు కట్టింది. నెస్టర్ కెమెరాకి కనబడకుండా మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి, "కాస్త ఆ కాలు ఎత్తండి సార్," అని గుసగుసగా అడిగి తుడుస్తున్నాడు. అసలు హంతకుడు నేల తుడుస్తున్నాడు, దొంగ హంతకుడు బూట్లెందుకు విప్పాడో చెబుతున్నాడు! తుడుస్తూ తుడుస్తూ నెస్టర్ తలెత్తి, నోరు తెరుచుకుని వింటున్నాడు. "ఎంత బాగా చెబుతున్నాడు వదినా," అన్నాడు నా దగ్గరికి వచ్చాక. నిజంగానే అన్నాడు! వాణ్ణి ఆ గుడ్డతోనే కొట్టాలనిపించింది.

కానీ టామ్సిన్ మాటలు వినడం లేదని గమనించాను. ఆ పిల్ల లైల్ బూట్లు చూస్తోంది. పట్టా మీద వరసగా ఉన్న మా అందరి బూట్లు చూస్తోంది. మళ్లీ లైల్ బూట్లు చూస్తోంది.

"లైల్ గారూ, మీరు పగలగొట్టి వచ్చిన తలుపు ఏది?" అని తేలిగ్గా అడిగింది.

ఆయన చుట్టూ చూసి, ధీమాగా వేలు చూపించాడు. అది మా పచ్చళ్ల గది తలుపు.

ఆ పిల్ల తల ఊపింది. "ఇంకొక్క చిన్న పని ఉంది," అంది. డిస్కు పెట్టగానే మొదట కనబడే తెర కోసం, రంపం మనిషి గుమ్మంలోంచి లోపలికి వస్తున్నట్టు కొత్తగా నాలుగు క్షణాలు తీయాలట. ముసుగూ, కోటూ, తొడుగులూ, రంపమూ ఎవరి దగ్గర్నుంచో తెచ్చింది. "లైల్ గారు ఈ చలిలో బయట నిలబడలేరు. ఎవరైనా సాయం చేస్తారా?"

"దానికేం భాగ్యం," అన్నాడు నెస్టర్. తన గురించి చెప్పమంటే నోరు పెగలదు గానీ, సాయం అంటే ముందుంటాడు. కోటు ఇన్నేళ్ల తరవాత కూడా కొలిచి కుట్టినట్టే సరిపోయింది. మొహం ముసుగులోకి వెళ్లింది. మా మరిది మాయమై రంపం మనిషి నిలబడ్డాడు.

"తలుపు పగలగొట్టావంటే చంపేస్తాను," అని హెచ్చరించి బయటికి పంపాను.

"ఊరికే లోపలికి వచ్చి నిలబడండి, చాలు," అని టామ్సిన్ కేకేసింది. కెమెరా తిరిగింది.

తలుపు తెరుచుకుంది. మంచు పొగ లోపలికి వచ్చింది. వాడు వచ్చి నిలబడ్డాడు. ఎవరూ ఏమీ చెప్పలేదు. రంపాన్ని మెల్లగా గోడకు ఆనించాడు. వంగాడు. ఆ మందపాటి తొడుగులతోనే లేసులు విప్పాడు. రెండు బూట్లూ పట్టా మీద జతగా పెట్టి, మొనలు గుమ్మం వైపు తిప్పాడు. కోటు మీది మంచు బయటికి దులిపాడు. నడుము కాస్త వంగింది గానీ, అదే వంపు, అదే తీరు, అదే నిదానం.

కెమెరా అతని నోట్లోంచి "ఓరి దేవుడా" అని చిన్నగా వచ్చింది. టామ్సిన్ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ దృశ్యాన్ని ఆ పిల్ల తుడిచి శుభ్రం చేస్తూ వెయ్యిసార్లు చూసి ఉంటుంది. ఇక ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

లైల్ కుర్చీలోంచి లేచాడు. బల్ల పట్టుకుని మెల్లగా నడిచి ముసుగు దగ్గరికి వెళ్లాడు. "నువ్వా," అన్నాడు. "ఇన్నేళ్లూ ఎవరై ఉంటారా అని అనుకుంటూనే ఉన్నాను."

నెస్టర్ ముసుగు తీశాడు. మొహం కందగడ్డలా ఉంది, తప్పు చేసి పట్టుబడినట్టు. "ఊరికే అలవాటుకొద్దీ విప్పానండీ," అన్నాడు.

"నేను నిజం మంచు చూడటం ఇవాళే మొదటిసారి, మొదటి భాగంలో అంతా సబ్బు నురగే," అన్నాడు లైల్. కిందికి చూసుకున్నాడు. అప్పటికి గానీ ఆయనకు తన బూట్లు కనబడలేదు. పాపం, వంగలేకపోతుంటే నెస్టరే కూర్చోబెట్టి విప్పాడు. విప్పి తన బూట్ల పక్కనే జతగా పెట్టాడు.

"ఒక మాట చెప్పు. అసలెందుకు విప్పావు ఆ రోజు?" అని అడిగాడు లైల్.

"ఇల్లు కదండీ."

"అంతేనా?"

"వదిన నేలకు మైనం కూడా పెట్టింది."

లైల్ తన మేజోళ్ల వైపు చూసుకున్నాడు. "ఎవరికీ చెప్పకు. నా కథే బాగుంది," అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, నా కోపం ఇంకా చల్లారలేదు. అయినా ఆయనకు కూడా హొలుబ్చి వడ్డించాను, వచ్చినవాళ్లకు పెట్టకుండా పంపే ఇల్లు కాదు మాది. ఆయన మూడుసార్లు అడిగి వేయించుకున్నాడు.

వెళ్లేముందు టామ్సిన్ నెస్టర్ చేతులు పట్టుకుని, "సార్, పేరు మార్పిస్తాను," అంది.

"వద్దమ్మా," అన్నాడు. "ఆయన పేరు తీసేయొద్దు. ఈ వయసులో ఆయన్ను నలుగురిలో నవ్వులపాలు చేస్తే నాకు ముద్ద దిగదు."

నేను ఆ రాత్రి వాడితో మాట్లాడలేదు. నోటి దగ్గరికి వచ్చింది నేలపాలు చేసుకున్నాడు. స్లావ్కా కూడా ఈసారి నవ్వలేదు.

మే నెలలో పార్సిలు వచ్చింది. రింకులో ఐసు ఎప్పుడో కరిగిపోయింది, కొత్తగా వచ్చిన కుర్రాడు తలుపులు తెరిచి నేల ఆరబెడుతున్నాడు. సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, స్లావ్కా వాళ్ల ముందు గదిలో పరదాలు వేసుకుని ముగ్గురం కూర్చున్నాం. డిస్కు తిరిగింది. మా వంటిల్లు ఎంత స్పష్టంగా కనబడిందో! నా నేల ఎలా మెరిసిందో! బూట్ల దగ్గర స్లావ్కా ఎప్పటిలాగే కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది. సినిమా అయిపోయింది. పాత పేర్లు వరసగా పడ్డాయి. రంపం మనిషి: లైల్ డ్రమన్. నెస్టర్ చెవులు ఎర్రబడ్డాయి. తెర నల్లబడింది.

"బాగా చేశారు. బొమ్మ చాలా బాగా వచ్చింది," అంటూ మోకాళ్ల మీద చేతులు వేసి లేవబోయాడు. "పదండి, భోజనం చల్లారిపోతుంది."

"ఉండు," అంది స్లావ్కా.

నల్ల తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. కింద లైల్ సంతకం, వణికే చేతిరాత.

"ఈ సినిమాలో రంపం మనిషి నేను కాదు. ఆ వేషం కట్టింది నెస్టర్ హ్లాడీ, జోరియా, మానిటోబా."

అక్షరాలు నాలుగు క్షణాలు ఉండి పోయాయి. నెస్టర్ సగం లేచి సగం కూర్చుని అలాగే ఉండిపోయాడు. "అయిపోయిందా?" అన్నాడు. "పోయిందా అది?"

స్లావ్కా రిమోట్ తీసుకుని వెనక్కి తిప్పింది. అక్షరాలు మళ్లీ వచ్చాయి. వాటిని అక్కడే ఆపింది.

వాడు జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. టీవీ దగ్గరికి వెళ్లి, పిల్లాడిలా ఒక్కో అక్షరం చదివాడు. "స్పెల్లింగ్ సరిగ్గానే రాశారు," అన్నాడు. ముక్కు చీదుకున్నాడు. వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

వంటింట్లో పెరోగీలు చల్లారిపోతున్నాయి. నేను లేవలేదు. బయట ఎండ తగ్గింది, పరదా సందులోంచి వచ్చే వెలుగు కూడా పోయింది. గదిలో ఆ పేరు వెలుగు ఒక్కటే మిగిలింది. స్లావ్కా రిమోట్ పట్టుకుని, "తీసేయనా?" అని అడిగింది.

"ఉండనీ," అన్నాడు నెస్టర్. "నాది."